తోలు కింద తాపత్రయం

నేను ఒక కారు సీటులో కాగే తీగల చాపని. డ్రైవరు వీపు ఆన్చే చోట, తోలుకీ స్పాంజికీ మధ్య ఇరుక్కుని ఉంటాను. మీట నొక్కితే కాగి, కూర్చున్నవాళ్ల నడుముకి కాపడం పెట్టాలి. నా పని తాపం, నా జబ్బు తాపత్రయం. ఎప్పుడు నొక్కుతారా అని ఒక్క క్షణం కుదురుగా ఉండలేను.

పుట్టింది మంచు కురిసే దేశంలో. తీరా అమ్మింది బెజవాడలో! ఎండకే సీటు పెనమైపోయే ఊళ్లో నా మీట ఎవడు నొక్కుతాడు? మొదటి యజమాని సిమెంటు వ్యాపారి. కొత్తది కొత్తగానే ఉండాలని కారుతో వచ్చిన ప్లాస్టిక్ తియ్యనే లేదు. అమ్మేదాకా దానిమీదే కరకరలాడుతూ కూర్చున్నాడు. తర్వాత కొన్న నాయకుడు ఆ ప్లాస్టిక్ మీదే రెక్సిన్ తొడిగించాడు. సీటు కోసం ఊరంతా తిరిగిన మనిషి, ఉన్న సీటుని ముట్టుకోలేదు. మనుషులు తప్పుల్ని కవర్ చేసుకుంటారని విన్నాను గానీ, ఒప్పుల్ని కూడా కవర్ చేసుకుంటారని అప్పుడే తెలిసింది.

చివరికి నర్సీపట్నం నూకరత్నం చేతికొచ్చాను. తెల్లారకముందే టూరిస్టుల్ని లంబసింగి మంచులోకి తీసుకెళ్లే టాక్సీ డ్రైవరమ్మ. ఘాట్‌రోడ్డు మలుపులకి ఆమె నడుం పట్టేసింది. చలికాలం వస్తే స్టీరింగు తిప్పలేకపోతోంది. అందుకే వేడి సీటున్న కారు వెతికి, మరిది కొండబాబుతో కలిసి కొంది. కొన్న ముచ్చట కొద్దీ రెక్సిన్ మీద మఖమల్ కూడా తొడిగించింది!

మొదటి చలి ఉదయాన మీట నొక్కింది. ఎర్ర దీపం వెలిగింది. ఇన్నేళ్ల ఆకలితో భగ్గుమన్నాను. ఆ వేడి పైకి పోలేక నాలోనే ఉక్కపోసింది. నన్ను కాపలా కాసే థర్మోస్టాటు ఇక చాలని ఆపేసింది. మళ్లీ కాగాను, మళ్లీ ఆపింది. పైన ఆమె వణికింది, లోపల నేను ఉడికాను.

సీటు పాడైందని తేల్చేశారు. కారు అమ్మేద్దామనీ, వదిన ఇక ఇంట్లో కూర్చోవచ్చనీ కొండబాబు అన్నాడు. ఆ మాటకి ఆమె ఒళ్లు మండింది. ఆ మంటైనా నేను పుట్టించింది కాదే అని కుమిలిపోయాను.

ఆఖరి ఆశగా ఎలక్ట్రీషియన్ ఈశ్వర్రావు దగ్గరికి తీసుకెళ్లింది. అతను ఫ్యూజు చూశాడు, బాగుంది. మీటకి కరెంటు వస్తోంది. అయితే తీగే తెగిందన్నాడు. కోసి తీసి కొత్త చాప వెయ్యాలన్నాడు. ఇంజినూ మీటా ఆపకుండానే కవర్లు విప్పడం మొదలెట్టాడు. మఖమల్ ఊడింది, రెక్సిన్ ఊడింది, ప్లాస్టిక్ చిరిగింది. అడుగున మనిషి తగలని తోలు నిగనిగలాడింది. అతను బ్లేడు తీశాడు. నా ప్రాణం తీగల్లోకొచ్చింది. ఇంత మంచి తోలు కోసేస్తారా అని నూకరత్నం దానిమీద చెయ్యి వేసింది.

వేసిన చెయ్యి తియ్యలేదు.

"తీగ తెగిపోనాదన్నావు గదా ఈశ్వర్రావూ. ఇది కాల్తంది కదేటి?"

అతనూ చెయ్యి పెట్టి చూశాడు. కింద పడున్న కవర్ల గుట్ట చూసి, బ్లేడు జేబులో పెట్టుకున్నాడు. ఆమె ఎక్కి కూర్చుని, నెమ్మదిగా వీపు ఆన్చింది. నాకు తగిలిన మొదటి మనిషి.

వెంట వచ్చిన కొండబాబు గుట్టలోంచి మఖమల్ ఏరి దులిపాడు. "వొదినా, ఇదొక్కటైనా తొడిగిద్దాం. సీటు మాసిపోద్ది."

"మాసిపోనీరా. నాను కూకోడానికే గదా కొన్నాం."

ఇప్పుడు రోజూ కొండెక్కుతున్నాం. టీ ఒలికి తోలు మీద మచ్చ పడింది. మలుపుల్లో నా తీగ ఒకటి జివ్వుమంటోంది; ఏదో ఒకరోజు నిజంగానే తెగుతుంది. తెగనీ. ఎవరూ ముట్టకుండా కొత్తగా పడుండటం ఇక నావల్ల కాదు.

ఇంకా తెల్లారలేదు. ఇంటి తలుపు తీసిన చప్పుడైంది. ఆమెకేనా చలి, నాకూ వణుకుగానే ఉంది. త్వరగా రామ్మా.