వెనక గది బోణీ

మా గాజుల అంగడి కాణిపాకంలో గుడికి వెళ్లే దారిలో ఉంది. ముందు భాగంలో గాజులు, బొట్టుబిళ్లలు, రిబ్బన్లు. వెనక ఒక చిన్న గది. పండగ సరుకు అట్టపెట్టెలు ఇన్నేళ్లూ ఆ గదిలోనే పెట్టుకున్నాను. వినాయక చవితి, ఆ వెంటనే వచ్చే బ్రహ్మోత్సవాలు బాగా జరిగితేనే మాకు ఏడాది గడుస్తుంది. దానికి సరుకు ముందే దించుకోవాలి. కాబట్టి ఆ గదిని నేను ఎప్పుడూ ఖాళీ జాగాగా చూడలేదు, పెట్టుబడిగానే చూశాను.

ఆ గదిని నా కోడలు లోహిత అడిగింది. తిరుపతిలో బ్యూటీషియన్ పని నేర్చుకుని వచ్చింది. పార్లర్ పెట్టుకుంటానంది. నా కొడుకు మునిప్రసాద్ ఆమె పక్కన నిలబడి తల ఊపుతున్నాడు. నేను ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు. బేరం పెట్టాను.

"చవితి సరుకు దిగేదాకా టైం ఇస్తా ఉండా. అప్పటికి ఆడోళ్లు వస్తా పోతా ఉంటే గది నీది. లేదంటే నా పెట్టెలు నా గదికి వచ్చేస్తాయి. ఆ పొద్దు మొగం ముడుచుకోగూడదు."

"ముడుచుకోను అత్తా. ముడతలు పడతాయి," అంది లోహిత.

ఆషాఢమంతా కనుబొమలు తీయించుకునేవాళ్లు ఒకరిద్దరు తప్ప ఎవరూ రాలేదు. వ్యాక్స్ కరిగించే డబ్బా మీద రోజూ దుమ్ము తుడవడమే ఆమెకు పని అయింది. శ్రావణం వచ్చింది. చవితి సరుకు ఆ శనివారం లారీలో దిగుతుందని చెన్నై నుంచి ఫోన్ కూడా వచ్చేసింది.

ఆ వారం సోమవారం పొద్దున్నే షట్టర్ ఎత్తి, సాంబ్రాణి వేసి కూర్చున్నానో లేదో తాయమ్మవ్వ వచ్చింది. పాకాల దగ్గర పల్లె ఆమెది. తన కూతుళ్ల పెళ్లిళ్లకు, సీమంతాలకు గాజులు నా దగ్గరే తీసుకుంది. వెనక మనవరాలు కోమలి. సూళ్లూరుపేట వైపు ఫ్యాక్టరీలో పనిచేస్తూ అక్కడే హాస్టల్లో ఉంటోంది. అంత ఉక్కలో కూడా మణికట్టు దాకా చేతులున్న చుడీదార్ వేసుకుని ఉంది.

"ఆదివారం దీనికి నిశ్చితార్థం వసంతమ్మా," అంది తాయమ్మవ్వ. "చేతులకు నూగు జాస్తి. ఇస్కూల్లో పిల్లోళ్లు ఎలుగుబంటి అనినారని ఆ పొద్దుట్నుంచి నిండు చేతులే ఏస్తాది. ఇప్పుడు పొట్టి చేతుల జాకెట్టు కుట్టిచ్చుకోనుండాది. మీ కోడలు అదేదో పూసి లాగేస్తాదంట గదా."

"అవ్వా, మెల్లగా చెప్పు," అంది కోమలి, రోడ్డు వైపు చూస్తూ.

నా మనసు లెక్కలోకి దిగింది. గదిలో ఇంకా దుమ్ము తుడవడం తప్ప పని లేని వారంలో, పొద్దున్నే బోణీగా, పెళ్లికూతురు కాబోయే పిల్ల వచ్చింది. అదీ ఫ్యాక్టరీ హాస్టల్లో ఉండే పిల్ల. ఈమె ఒక్కతే కాదు, ఈమె వెనక హాస్టల్ నిండా చేతులున్నాయి. లోహితను కేకేశాను.

లోహిత ఆ పిల్లను లోపల కూర్చోబెట్టి చుడీదార్ చెయ్యి పైకి మడిచింది. చేతిని వెలుతురు వైపు తిప్పింది. ముంజేయంతా ఎర్రగా కంది, నూనెతో మెరుస్తోంది.

"ఏం పూసినారు అవ్వా?"

తాయమ్మవ్వ కొంచెం గర్వంగానే చెప్పింది. "పొద్దన్నే లేపి ఆముదం పట్టించినా. సున్నిపిండితో ఒకటికి రొండుసార్లు రుద్ది, కాగే నీళ్లు పోసినా. ఒకరి చేతికి మన చెయ్యి ఇస్తా ఉండామే, శుభ్రంగా ఉండొద్దా? మురికి పిల్లని మీరు అనుకుంటే మాకు మర్యాదా?"

ఆమె మాటలో తప్పేమీ లేదు. ఎవరైనా ఇంటికి వస్తున్నారంటే ముందు ఇల్లు కడుగుతాం. ఆమె పిల్ల చేతులు కడిగింది, అంతే.

లోహిత మడిచిన చుడీదార్ చెయ్యి మెల్లగా కిందికి దించింది. "ఈ పొద్దు చెయ్యలేను అవ్వా. శుక్రవారం తీసుకోని రా."

మా వీధిలో బోణీకి వచ్చిన మనిషిని ఎవరూ ఊరికే పంపరు. బేరం కుదరకపోతే పిన్నీసైనా కొనిపించి పంపుతాం. మొదటి చెయ్యి ఖాళీగా వెళితే ఆ రోజంతా ఖాళీ చేతులే వస్తాయని మా నమ్మకం. లోహితను అద్దం పక్కకు లాక్కెళ్లాను.

"బోణీ మే. తిప్పి పంపుతావా? కొంచెమన్నా చేసి పంపు."

"తోలు రేగిపోయుండాది అత్తా. దీని మీద వేడి వ్యాక్స్ పెడితే నూగుతో బాటు పైతోలు లేస్తాది. నూనె ఉండేచోట అసలు పట్టదు. పట్టలేదని అక్కడే మళ్లా మళ్లా లాగాల. ఆదివారం దద్దుర్లతో కూర్చుంటే అందురూ ఎవురు చేసినారని అడుగుతారా, అడగరా?"

"తిప్పి పంపినా అడుగుతారు. ఆ అంగట్లో చెయ్యరంట అని చెప్తారు."

"ఆ మాట పడొచ్చులే అత్తా," అంది లోహిత.

బయటికి వచ్చేసరికి కోమలి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "ఇంగ నాకు నిండు చేతులేనా?" అంది, ఎవరినీ అడగనట్టుగా.

కనీసం నా వైపు బోణీ అయినా దక్కించుకుందామని ఆ పిల్లను నా ముందు కూర్చోబెట్టాను. "రా పాపా, ఉత్త చేతులతో పోగూడదు. గాజులు ఏసుకోని పో." చెయ్యి పట్టి మెటికలు నొక్కి చూశాను. రెండు ఆరు సైజు. పచ్చ గాజులు తీసి ఒకటి ఎక్కించాను. ఆముదం ఇంకా ఉన్నందువల్ల మెటికల మీదుగా ఇట్టే జారింది. అక్కడ పిల్ల కదల్లేదు. కానీ గాజు మణికట్టు మీద వాలగానే చెయ్యి వెనక్కి లాక్కుంది.

ఇది నేనెప్పుడూ చూడలేదు. గాజు ఎక్కేటప్పుడు మెటికల దగ్గర నొప్పి ఉంటుంది. ఎక్కాక నొప్పి ఉండదు. వదులుగా ఉన్న గాజును పక్కకు జరిపి చూశాను. అది ఆనిన చోట ఎర్రటి గీత తేలింది. చల్లని గాజు తగిలితేనే గీత పడిన చర్మం మీద వేడిది పూసి లాగితే ఏమవుతుందో నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది.

గాజు వెనక్కి తీసి డబ్బాలో పెట్టేశాను. "వొద్దులే పాపా. ఇవి కూడా శుక్రవారమే ఏసుకుందువు."

తాయమ్మవ్వ నన్నూ, నా కోడలినీ మార్చి మార్చి చూసింది. "ఏం వసంతమ్మా, వచ్చినోళ్లను తరిమేదానికే అత్తాకోడళ్లు అంగడి పెట్టినారా? చిత్తూరికి పోతే గంటలో చేసి పంపుతారు."

"పోవచ్చు అవ్వా," అంది లోహిత. "యాడికి పోయినా ఈ పొద్దు మాత్రం చేయించొద్దు." తర్వాత కోమలి వైపు తిరిగింది. "సున్నిపిండి ఆపేయ్. ఎరుపు తగ్గేదాకా ఎండ తగలనీయొద్దు. గురువారం తడి గుడ్డతో మెల్లగా తుడుచుకో, సాలు. శుక్రవారం గోరువెచ్చని నీళ్లు పోసుకోని రా. నూనె వొద్దు, క్రీము వొద్దు. తోలును పల్చన చేసే మొటిమల మందు ఏమన్నా పూస్తా ఉండావా?"

"లేదక్కా. నూగు పొడుగుండాది గదా, బ్లేడుతో కొంచెం తీసేసి వస్తే నీకు పని తగ్గుతాదా?"

"తీసినావంటే నాకు పనే ఉండదు. వడ్లగింజంతన్నా ఉండాల, అప్పుడే వ్యాక్స్ పట్టుకుంటాది."

ఆ పిల్ల కొంచెం నవ్వింది. అవ్వ నవ్వలేదు.

ఆ రోజు నా అంగట్లో అమ్మకాలు మామూలుగానే సాగాయి. నమ్మకం తప్పయిందని సంతోషించాలో, ఇన్నేళ్లుగా వచ్చినవాళ్లకల్లా అక్కర్లేని పిన్నీసులు అంటగట్టానని బాధపడాలో తేలలేదు. నా భర్త పరంధామయ్య క్యారియర్ తెచ్చి, నేను అన్నం తింటున్నంతసేపూ నన్ను చూసి నవ్వుతూనే ఉన్నాడు.

"బస్టాండు కాడ తాయమ్మవ్వ చెప్తా ఉండాది. వసంతమ్మ గాజు తొడిగి మళ్లా పీకేసిందంట. నువ్వేనా మే అది?"

"ఇంగేం చెప్తా ఉండాది?"

"బుధవారం చిత్తూరికి పోతామని."

బుధవారం చిత్తూరు బస్సులు మా అంగడి ముందు నుంచే పోయాయి. ప్రతి బస్సు కిటికీల్లోకీ చూశాను. లోహిత మాత్రం చూడలేదు. గదిలో కూర్చుని, వ్యాక్స్ మీద అదిమి లాగే బట్ట పట్టీలు కత్తిరించుకుంటోంది. రాని మనిషి కోసం సరుకు సిద్ధం చేసుకోవడం నేను ఎరగని పనేమీ కాదు. చవితికి ముందు నేను చేసేది కూడా అదే.

శుక్రవారం పొద్దున లోహిత వ్యాక్స్ డబ్బా స్విచ్ వేసింది. పది దాటాక ఆపింది. మళ్లీ వేసింది. "కరెంటు ఊరికే వస్తా ఉండాదా?" అని నోటి దాకా వచ్చింది గానీ అనలేదు. రేపు లారీ వస్తుంది. ఈ గది సంగతి ఇద్దరికీ తెలుసు.

మిట్టమధ్యాహ్నం కోమలి ఒక్కతే వచ్చింది. పొట్టి చేతుల వదులు చుడీదార్ మీద, చేతులు కనపడకుండా చున్నీ కప్పుకుని ఉంది. వెనక చాలా దూరంలో తాయమ్మవ్వ, వచ్చీ రానట్టు నడుస్తోంది.

"చిత్తూరికి పోలేదా పాపా?" అన్నాను.

"అవ్వ పోదామనింది. నేనే రానన్యా. దుడ్డు ఇస్తామంటే వొద్దనినోళ్లు నా చెయ్యి కాల్చరులే అనుకున్యా."

లోహిత ఆమె చేతిని మళ్లీ వెలుతురుకు తిప్పింది. ఎరుపు లేదు, మెరుపు లేదు, మామూలు చెయ్యి. మణికట్టు దగ్గర చిన్న చోట మాత్రం వ్యాక్స్ పెట్టి లాగి, కాసేపు ఆగింది. దద్దురు రాలేదు. పౌడర్ అద్ది, నూగు పెరిగే వైపుకు వ్యాక్స్ పరిచి, పట్టీ అదిమి, ఎదురుగా ఒక్కసారి లాగింది.

"అమ్మా," అంది కోమలి.

"సచ్చింది నా మనవరాలు," అంది బయట నుంచి తాయమ్మవ్వ.

"సావలేదు అవ్వా. రొండో చెయ్యి కూడా చేయించుకుంటా."

రెండు చేతులూ అయ్యాక ఆ పిల్ల ఎడమ చేతిని కుడి చేత్తో, కుడి చేతిని ఎడమ చేత్తో తడుముకుంది. తర్వాత చున్నీ మడిచి సంచిలో పెట్టేసుకుని, ఉత్త చేతులతో వీధిలోకి వెళ్లి నిలబడింది. జనం పోతున్నారు, వస్తున్నారు. ఎవరూ చూడలేదు. అదే ఆమెకు కావలసింది అనుకుంటాను.

పచ్చ గాజులు ఆదివారం నాటికని కాగితంలో చుట్టి ఇచ్చాను. ఇచ్చే ముందు అలవాటుగా జత జతగా తట్టి చూశాను. బీటున్న గాజు శబ్దం వేరుగా ఉంటుంది. అలాంటిది దొరికితే ఎవరు ఎంత అడిగినా అమ్మను. ఈ వీధిలో నా అంగడి ఇంతకాలం నిలిచింది దానివల్లే. సోమవారం లోహిత చేసింది కూడా అదేనని, కాగితం మడుస్తుంటే నాకు తట్టింది.

తాయమ్మవ్వ పోతూ పోతూ మెట్టు మీద ఆగి, "చిన్నమ్మీ," అని లోహితను పిలిచింది. "నా చిన్న కూతురి బిడ్డ ఉండాది. దాన్ని తెచ్చేటప్పుడు రుద్దాల్నా, వొద్దా?"

"ముందు నాకు ఫోన్ చెయ్యి అవ్వా. చెప్తా."

శనివారం లారీ వచ్చింది. డ్రైవర్ అట్టపెట్టెలు దించబోతూ వెనక గది వైపు నడిచాడు. లోహిత అప్పటికే అద్దం గోడ నుంచి తీసి, కుర్చీ మీద పెట్టుకుని ఉంది. ఒక్క గిరాకీతో బేరం గెలిచానని ఆమె అనుకోలేదు. మొహం మాత్రం, చెప్పినట్టే, ముడుచుకోలేదు.

"ఈడ కాదప్పా," అన్నాను డ్రైవర్‌తో. "ఇంటికాడ దించు. హాల్లో."

పరంధామయ్య ఉలిక్కిపడ్డాడు. "హాల్లోనా? నేను యాడ పండుకోవాల?"

"పెట్టెల మధ్యన సందు ఉంటాది. నిన్నటి సందేళ కొలిచి పెట్టినాలే."

లోహిత నా వైపు చూసింది. నేను చూడనట్టు చీటీ మీద పెట్టెల లెక్క సరిచూసుకున్నాను. కాసేపటికి వెనక గదిలో మేకు కొడుతున్న చప్పుడు వినబడింది. అద్దం మళ్లీ గోడకెక్కుతోంది.