పేర్లు ఊడిపోయిన సైగలు

హార్డ్‌డిస్కులు బాగుచేసే ఆవిడని ఆ వీధిలో అందరూ ఉడుము అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది వాళ్ల వదిన. పట్టిందంటే వదలదు అని ఎప్పుడో విసుగ్గా అన్న మాట మెల్లగా మెచ్చుకోలుగా మారి అతుక్కుపోయింది. ఇద్దరిదీ ఒకటే షాపు. ముందు సగంలో వదిన కుట్టుమిషన్లు, వెనక సగంలో అద్దాల గది, అందులో ఉడుము బల్ల. గుడ్డల నూగుకీ మూత విప్పిన డిస్కుకీ ఉప్పూనిప్పూ. అందుకని ఆడపడుచు లోపల తలుపేసుకుని గాలి వడకట్టే మిషను ఆన్ చేసిందంటే చాలు, వదిన కత్తెర కింద పెట్టేసి బొత్తాలు కుట్టుకుంటూ కూర్చునేది.

ఒక మంగళవారం పొద్దున్నే ఒక టీచరుగారు వచ్చారు. వినబడని పిల్లల బడిలో చేసి రిటైరయిన ఆవిడ. చేతిసంచిలో ఒక డిస్కు, వెనకాల తలొంచుకున్న తమ్ముడు. ఆయనకీ యాభై దాటే ఉంటాయి.

టీచరుగారు కుర్చీ అంచున కూర్చుని సంగతంతా చెప్పారు. పుట్టినప్పటినుంచీ వినబడని ముసలివాళ్ల ఇళ్లకి పద్నాలుగేళ్లపాటు తిరిగి, వాళ్ల సైగలు వీడియో తీశారట. బడి పుస్తకాల్లో ఉన్నవి కావు. వంటిళ్లలో, పనిచేసే చోట్ల వాళ్లకి వాళ్లు పుట్టించుకున్నవి. రెండువేల పైచిలుకు చిన్న చిన్న వీడియోలు. చూపించినవాళ్లలో సగంమంది ఇప్పుడు లేరు. మొన్న ఈ తమ్ముడు బల్ల తుడుస్తూ వైరు లాగితే, తిరుగుతున్న డిస్కు నేల మీద పడింది. అప్పట్నుంచీ టిక్కుటిక్కుమనడం తప్ప ఏమీ చూపించడం లేదు. ఇంకో కాపీ లేదు. రేపు తీద్దాం, రేపు తీద్దాం అనుకుంటూనే రోజులు గడిచిపోయాయన్నారు.

పడ్డాక ఎన్నిసార్లు ఆన్ చేశారని ఉడుము అడిగింది. తమ్ముడు నాలుగుసార్లన్నాడు. ఉడుము ఆయన మొహంలోకే చూస్తూ కూర్చుంది. కాసేపటికి ఏడన్నాడు.

లోపల అద్దంలాంటి పళ్లేలు గిర్రున తిరుగుతుంటాయనీ, వాటికి వెంట్రుకమందం ఎడం కూడా లేకుండా హెడ్డులు తేలుతూ చదువుతుంటాయనీ, ఇప్పుడవి వంగిపోయాయనీ, ఇంకోసారి ఆన్ చేస్తే గీకి పారేస్తాయనీ ఆమె విడమరిచి చెప్పింది. అదే మోడలు డిస్కు ఇంకొకటి విప్పి, దాని హెడ్డులు తీసి ఇందులో పెట్టాలి. వస్తుందని మాటివ్వలేనంది.

సొరుగులో అదే మోడలుది పాతదొకటి ఉంది. రెండ్రోజుల తర్వాత హెడ్డులు మార్చి నడిపితే, రెండు పళ్లేలకీ కలిపి ఉన్న నాలుగు ముఖాల్లో మూడు చదివింది. నాలుగోది మొండికేసింది. ఉడుము అయిదు రోజులు దాన్ని బుజ్జగించింది. కాస్త చదివించి, కాస్త ఆపి, చల్లారాక మళ్లీ మొదలుపెట్టింది. ఫలితం లేకపోయింది. వీడియోల్లో నాలుగోవంతు ఆ ముఖం మీదే ఉన్నాయి. పైగా ఏ వీడియో పేరేమిటో రాసిపెట్టిన పట్టిక కూడా అక్కడే ఉంది. అందుకే వచ్చినవి కూడా పేర్లు ఊడిపోయి, ఉత్త అంకెలతో వచ్చాయి.

టీచరుగారు వచ్చి చూసి కళ్లజోడు తుడుచుకున్నారు. ఇంత దక్కింది చాలమ్మా, ఇక నిన్ను శ్రమపెట్టనన్నారు.

ఉడుము ఆ మాట విననట్టే డిస్కు మీది చీటీని భూతద్దంలో చూస్తోంది. తను వాడిన పాతది వేరే నెలలో తయారైంది, అదే నెలదైతే హెడ్డులు సరిగ్గా అమరొచ్చు. పోలికలున్నంత మాత్రాన అక్కచెల్లెళ్లయిపోరు కదా. ఇది కొన్నప్పుడు దీంతోపాటు ఇంకోటేమైనా కొన్నారా అని అడిగింది. టీచరుగారు తలెత్తారు. ఆ రోజు రెండు కొన్నారు, ఒకటి తమ్ముడికిచ్చారు.

తమ్ముడు మధ్యాహ్నానికల్లా తెచ్చాడు. తువ్వాల్లో చుట్టి, పసిపిల్లాణ్ణి ఎత్తుకొచ్చినట్టు రెండు చేతులా పట్టుకొచ్చాడు. అందులో ఆయన రిఫరీగా నిలబడిన ఫుట్‌బాల్ ఆటలన్నీ ఉన్నాయి. అవన్నీ ముందు కాపీ తీసిస్తాను గానీ ఈ డిస్కు మాత్రం ఇక మీకు దక్కదని ఉడుము చెబితే, ఆయన తువ్వాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అక్క చేత తిట్లు తింటే తేలిగ్గా ఉండేది. ఒక్క మాట అనలేదండీ. తీసుకోండి."

మర్నాడు వదిన మిషన్లన్నిటికీ ముసుగులేసి, షాపంతా తడిగుడ్డతో రెండుసార్లు తుడిచింది. ఉడుము గదిలోకి వెళ్లి, హెడ్డులు ఒకదాన్నొకటి తాకకుండా మధ్యలో ప్లాస్టిక్ దువ్వెనలాంటి ముక్క దూర్చి, ఊపిరి బిగబట్టి వాటిని మార్చింది. ఆన్ చేస్తే టిక్కుమనలేదు. నాలుగో ముఖం చదవడం మొదలుపెట్టింది.

రెండు గంటలు గడిచాక తడబడింది. గీతలు పడిన ముఖం మీద కొత్త హెడ్డు కూడా ఎన్నాళ్లో బతకదని ఉడుముకి తెలుసు. పేర్ల పట్టిక ఒక చివర ఉంది, పోయిన వీడియోలు మరో చివర. అక్కడికీ ఇక్కడికీ పరిగెత్తిస్తే రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. ఆపేసి టీచరుగారికి ఫోన్ చేసి, ముందు ఏది తీయమంటారని అడిగింది.



"పేర్లు నేను పెట్టుకుంటానమ్మా. ఆ మనుషుల్ని మళ్లీ తీసుకురాలేను. ముందు వాళ్ల చేతులు తియ్యి."

ఆరు రోజులు పట్టింది. ఉడుము భోజనం ఆ బల్ల పక్కనే. వదిన గిన్నె తెచ్చిపెట్టి, నీ పట్టు తగలెయ్య, చల్లారకముందే తిను అని తిట్టి వెళ్లేది. ఏడో రోజు పొద్దున హెడ్డు చచ్చిపోయింది. అప్పటికి నలభై ఒకటి తప్ప అన్నీ వచ్చేశాయి. పేర్లు మాత్రం రాలేదు.

తర్వాత పని టీచరుగారిది. షాపులో కిటికీ పక్కన కూర్చుని ఒక్కొక్కటే చూస్తూ పేర్లు రాసుకునేవారు. కొన్ని గుర్తురాలేదు. వాటికోసం పుస్తకాలు బైండింగు చేసే తాతని తీసుకొచ్చారు. ఆయనకి పుట్టుకతోనే వినబడదు. వీడియోలో ఉన్నవాళ్లలో చాలామంది ఆయన నేస్తాలే. కొందర్ని చూసి నవ్వాడు. ఒకావిణ్ణి చూసి మాత్రం లేచి వీధిలోకి వెళ్లి, చాలాసేపటికి తిరిగొచ్చాడు.

మూడో రోజు ఆయన ఉడుము భుజం తట్టి పిలిచాడు. తెర చూపించి అడ్డంగా తలూపాడు. ఆ వీడియో చివరిదాకా ఆడింది, బాగానే ఉందని ఆమె ఎప్పుడో టిక్కు పెట్టేసింది. తాత మణికట్టు గాల్లోనే ఆపి, తర్వాత మెల్లగా తిప్పి ఒళ్లో పెట్టుకున్నాడు.

"మాట సగంలో తెగిపోయిందంటున్నాడు. మిగతా సగం ఎక్కడో ఉంటుందట," అన్నారు టీచరుగారు.

ఉడుముకి సిగ్గేసింది. తనకి ఆ భాష రాదు గనక తెగిన మాట కూడా నిండుగానే కనబడింది. ఆ సాయంత్రం నుంచే వచ్చినవన్నీ మొదటికి తీసుకుని, చెయ్యి కిందికి దిగిందా లేదా అని చూడటం మొదలుపెట్టింది. అలాంటివి అరవై పైగా తేలాయి. ఎక్కడా అతకక పక్కన పడేసిన ముక్కల్లో వెతికి, తోకలు పట్టుకుని ఒక్కొక్కటే అతికించింది. అతికించినదల్లా తాతకి చూపించేది. ఆయన తలూపితేగాని పక్కన పెట్టేది కాదు.

అంతా అయ్యాక మూడు కాపీలు తీశారు. ఒకటి బడికి, ఒకటి టీచరుగారికి. మూడోది తమ్ముడు అడిగి మరీ పట్టుకెళ్లి గదిలో నేలమీదే పెట్టుకున్నాడు, ఇంకెక్కడికి పడుతుందంటూ.

పేర్లన్నీ పెట్టాక, ఎవరింట్లో తీసినవాటిలో ఏవి లేవో టీచరుగారు ఒక్కొక్కటే గుర్తుచేసుకుని తేల్చారు. దొరకని నలభై ఒకటిలో ముప్ఫై తాతకి తెలుసు. షాపు గోడకి వదిన నీలం గుడ్డ కట్టింది, తాత దాని ముందు నిలబడి చేసి చూపించాడు, టీచరుగారు వీడియో తీశారు. మిగిలిన పదకొండూ ఆయనకీ తెలియవు. అవి చూపించినవాళ్ల పేర్లు, వీధులు టీచరుగారు ఒక కాగితం మీద రాశారు. వాళ్ల పిల్లలకో ఇరుగుపొరుగుకో గుర్తుండొచ్చు. తనూ తాతా సోమవారం బయల్దేరుతున్నామనీ, కెమెరా పట్టుకునేందుకు ఒక మనిషి కావాలనీ ఉడుముతో అన్నారు.

ఉడుము వదిన వైపు చూసింది.

"వెళ్లు. షాపు నేను చూసుకుంటాను," అంది వదిన, సూదిలో దారం ఎక్కిస్తూ.