మానొద్దన్న గోలీ

తెలంగాణ కోసం సకలజనుల సమ్మె మొదలై మూడు వారాలైంది. బస్సుల్లేవు. వనస్థలిపురంలో ఉండే అండాలమ్మ టీచర్ రోజూ ఎల్బీనగర్ చౌరస్తా దాకా నడిచెళ్లి దీక్షా శిబిరంలో కూర్చునేది. అందుకే ఆమె కాళ్లు నొప్పులంటే ఎవరూ పట్టించుకోలేదు.

ఆమె ఇంటి పై వాటాలో అద్దెకుండే సూర్యప్రభది గుంటూరు వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్. పన్నెండేళ్ల స్నేహం. సమ్మె మొదట్లో టీవీ ముందు మాటా మాటా పెరిగి, పలకరింపులు ఆగిపోయాయి.

ఆ బుధవారం పొద్దున సూర్యప్రభ డ్యూటీకి దిగుతుంటే అండాలమ్మ కింది మెట్టు మీద కూర్చునుంది. లేవబోయి లేవలేకపోయింది.

"ఏమైందండీ?"

"ఏం లేదు. నడిచి నడిచి తొడలు బండల్లెక్క అయినయి."

జుట్టు ముడి వేసుకోలేదు. చేతులు పైకి లేవట్లేదట. సూర్యప్రభ ఆగిపోయింది. నడిస్తే భుజాలెందుకు నొప్పెడతాయి?

"మందులేమన్నా వాడుతున్నారా?"

"కొలెస్ట్రాల్ గోలీ, ఐదేండ్ల సంది. దగ్గుకు మెడికల్ షాపుల యాంటీబయాటిక్ ఇచ్చిండు, వారమైంది."

"మూత్రం ఏ రంగులో వస్తోంది?"

అండాలమ్మ ముఖం తిప్పుకుంది. "డికాషన్ లెక్క. నిన్నటి సంది సరిగ్గ వస్తనే లేదు."

"అమ్మో! ఆ కొలెస్ట్రాల్ గోలీ వేసుకోకండి."

"నువ్వు చెప్తే ఆపాల్నా? ఏమైనా సరే మానొద్దన్నడు డాక్టర్ సాబ్. మా తమ్ముడు మట్టయ్య ఇదే గోలీ మానేసిండు, నెల తిరగకముందే గుండె ఆగి పోయిండు."

సూర్యప్రభ వాదించలేదు. ఆ డాక్టర్‌కే ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, యాంటీబయాటిక్ పేరు చదివింది. డాక్టర్ వెంటనే అందుకున్నాడు.

"రెండూ ఆపండి. అవి కలిపి వాడకూడదు. కండరాలు దెబ్బతిని కిడ్నీల మీద పడుతుంది. ఇప్పుడే తీసుకురండి."

"మరి నాకెందుకు చెప్పలే సారూ?" అంది అండాలమ్మ.

"ఏ మందైనా నన్ను అడిగే వాడతారనుకున్నానమ్మా."

ఆసుపత్రికి బయల్దేరిన ఆటో చౌరస్తాలో ఆగిపోయింది. రోడ్డు మధ్యలో టైర్లు తగలబడుతున్నాయి. ఎవరో ఆటోలోకి తొంగిచూసి "మన టీచరమ్మ!" అని అరిస్తే దారి వదిలారు. అప్పటికే ఆమెకు ఊపిరి అందట్లేదు.

నాలుగుసార్లు డయాలసిస్ చేశారు. ఇరవై రోజులకు ఇంటికొచ్చింది, గోడ పట్టుకుని నడుస్తూ.

డిసెంబరులో డాక్టర్ కొలెస్ట్రాల్‌కే వేరే గోలీ రాశాడు, తక్కువ మోతాదులో. గుండె రక్తనాళాల్లో పూడిక ఉంది, మందు లేకుండా కుదరదన్నాడు. ఏయే మందులు దీనితో కలపకూడదో ఈసారి కాగితం మీద రాయించుకుంది. అయినా మూడు రోజులు ఆ స్ట్రిప్ విప్పలేదు.

నాలుగో రోజు సూర్యప్రభను కిందికి పిలిచింది. "జర పక్కన కూసో."

మింగింది. కాసేపటికి అండాలమ్మ తన తొడ మీద చెయ్యి వేసి, గట్టిగా అదిమి చూసుకుంది.

"ఇప్పుడే ఏం తెలుస్తుందండీ?" అంది సూర్యప్రభ.

"తెల్వదు," అంది అండాలమ్మ. చెయ్యి మాత్రం తియ్యలేదు.