నిండా పోసిన కప్పు

అవ్వాద్ ఆ కథను ఇంగ్లీషులో మాత్రమే చెబుతాడు. చెప్పే చోటు కూడా ఒకటే. కొండ మీది మఠానికి ఎక్కే మెట్ల దారిలో, మూడో మలుపు దగ్గర. గాడిదలవాళ్లు దగ్గర్లో ఉంటే మాత్రం నోరు విప్పడు. వాళ్లకి ఇంగ్లీషు వచ్చు, పైగా తన తెగవాళ్లు.

ఆ రోజు గాడిదలు కిందే ఉండిపోయాయి. తొమ్మిదిమంది యాత్రికులను ఏడింటికి కనుమలోంచి తీసుకొచ్చి, కొండలో తొలిచిన ఖజానా, రాజుల సమాధులు చూపించి, పదకొండింటికి ఆ మలుపుకి చేర్చాడు.

"మేమంతా అప్పుడు ఈ గుహల్లోనే ఉండేవాళ్లం. నాకు పాలిచ్చిన తల్లికి ఖలఫ్ అని కొడుకు. ఇద్దరికీ పదేళ్లు. మేకపిల్ల కోసం ఆ అంచు ఎక్కాడు. కాలు జారింది. నేను చెయ్యి పట్టుకున్నాను. వేళ్లు ఒక్కొక్కటే జారిపోయాయి. చివరిదాకా నేను వదల్లేదు."

ఒకాయన టోపీ తీశాడు. అందరూ కాసేపు లోయలోకి చూశారు.

నిజానికి అవ్వాద్ చెయ్యి పట్టుకోలేదు. ఎక్కమని పందెం కట్టిందే అతను. ఖలఫ్ పడగానే పరుగెత్తి ఊట దగ్గర మేకల మధ్య కూర్చున్నాడు. అడిగినవాళ్లకి చూడలేదన్నాడు. అది మధ్యాహ్నం. ఖలఫ్ దొరికింది పొద్దుగూకాక. నలభై ఏళ్లుగా తనవాళ్ల దగ్గర అవ్వాద్ ఆ మాట మీదే ఉన్నాడు. గైడయ్యాక మొదటిసారి ఎవరికో ఇంగ్లీషులో, ఆ రోజు నేనక్కడే ఉన్నానని చెప్పాడు. అంతవరకూ నిజమే. గుండె తేలికపడింది. తర్వాత కథలోకి చెయ్యి వచ్చింది, ఆ తర్వాత వేళ్లు వచ్చాయి.

ఇంకో వంద మెట్లెక్కితే నౌఫా గుడారం. ఖలఫ్ తల్లి ఆమే. యాత్రికులకు కాఫీ అక్కడే. చేరేలోగా మర్యాదలు చెప్పడం అవ్వాద్‌కి అలవాటు.

"కప్పులో మూడో వంతే పోస్తారు, తక్కువనుకోకండి. నిండా పోస్తే ఇక వెళ్లమని. చాలనుకుంటే కప్పు ఊపండి. తాగకుండా కింద పెట్టారంటే, ఏదో అడగడానికి వచ్చారని లెక్క. ఇస్తాననే మాటగా ఇంటివాళ్లు 'తాగు' అనేదాకా ముట్టుకోకూడదు."

మార్గిట్ అనే పెద్దావిడ అదంతా నోటుపుస్తకంలో రాసుకుంది. పొద్దున్నించీ ఆమె పెద్దగా మాట్లాడలేదు.

నౌఫా కాఫీ గింజలు దంచుతోంది. భర్త పోయాక కాఫీ పోసేది కూడా ఆమే.

"వచ్చావా. ఆ రొప్పేంట్రా? గాడిద నయం, పొట్ట లేదు దానికి."

"నీ రొట్టెలే అమ్మా ఇదంతా."

"నా మీదకి తొయ్యి. కూర్చోమను వాళ్లని."

అందరూ చాప మీద కూర్చున్నారు. నౌఫా ఎడమ చేత్తో కాఫీ కూజా ఎత్తి వరసగా పోస్తూ వచ్చింది. మార్గిట్ కప్పు అందుకుని నౌఫాతో వాళ్ల భాషలోనే, అరబ్బీలో మాట్లాడింది. డమాస్కస్‌లో పన్నెండేళ్లు పాఠాలు చెప్పిన మనిషి, మాట పుస్తకంలోలా ఉంది.

"అమ్మా, మీ కుమారుని గురించి విన్నాం. మా మనసు కలత చెందింది. ఇతడు కడదాకా చెయ్యి విడువలేదట కదా."

కూజా ఆగింది.

"ఎవరి చెయ్యి?"

"మీ ఖలఫ్‌ది."

నౌఫా అవ్వాద్ వైపు తిరిగింది. "నువ్వు అక్కడున్నావా?"

అబద్ధం చెప్పడానికి అతనికి వ్యవధి దొరికింది. ఆవిడకి అరబ్బీ సరిగా రాదమ్మా అంటే సరిపోయేది. మార్గిట్ అతన్నే చూస్తోంది.

"ఉన్నాను."

"పట్టుకున్నావా?"

"లేదు. ఎక్కమన్నది నేనే. పడ్డాక పారిపోయాను."

"ఏమన్నా అన్నాడా వాడు?"

"తెలీదమ్మా. నేను ఆగలేదు."

నౌఫా కూజా మూతి తుడిచింది. "దొరికేసరికి వాడి ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది," అంది. గొంతు పెంచలేదు. మిగతావాళ్లకి పోసింది, మూడో వంతు చొప్పున. చివరికి అవ్వాద్ ముందు ఆగి, కప్పు నిండేదాకా పోసింది. అంచు దాటి అతని వేళ్ల మీద కారింది.

"చూశావా, కొడుక్కి ఎక్కువ," అన్నాడు టోపీ ఆయన, తన భార్యతో.

మార్గిట్ నోటుపుస్తకం మూసేసింది.

అవ్వాద్ ఆ కప్పును తాగకుండా నౌఫా ముందు చాప మీద పెట్టాడు. ఏం అడుగుతున్నాడో ఆమెకి తెలుసు. చెప్పక్కర్లేదు కూడా. నౌఫా 'తాగు' అనలేదు. పొయ్యిలో పుల్లలు ఎగదోస్తూ కూర్చుంది. తొమ్మిదిమందీ తాగి, కప్పులు ఊపి, లేచారు. అతనూ లేవాల్సి వచ్చింది.

మఠం చూసి రెండింటికి దిగుతున్నప్పుడు కప్పు అక్కడే ఉంది. ఈగలు వాలకుండా ఎవరో దాని మీద మూత పెట్టారు. గుడారంలో నౌఫా తప్ప ఎవరూ లేరు. ఆమె తల ఎత్తలేదు.

మూడో మలుపులో గాడిదలవాళ్లు ఇద్దరు నీడకి కూర్చుని టీ తాగుతున్నారు.

"ఏంటి మావా, మొహం వేలాడేశావు?" అన్నాడొకడు. "ముసలమ్మ ఇవాళ రొట్టె పెట్టలేదా?"

రెండోవాడు నవ్వాడు. ఇంతలో టోపీ ఆయన ఫోను పట్టుకుని ముందుకొచ్చాడు.

"మీ తమ్ముడి సంగతి ఇంకోసారి చెప్పరా? పొద్దున వీడియో తీయలేదు."

అవ్వాద్ అంచు వైపు చూశాడు, గాడిదలవాళ్ల వైపు చూశాడు. వాళ్లు లేచి వెళ్లేదాకా ఆగుదామనిపించింది. వాళ్ల గ్లాసులు ఇంకా సగం నిండి ఉన్నాయి.

అరబ్బీలో మొదలుపెట్టాడు. టోపీ ఆయన ఫోను దించి, అర్థం కావట్లేదన్నాడు. అవ్వాద్ ఆపలేదు. గాడిదలవాళ్లు గ్లాసులు కింద పెట్టారు.