రాట వేసిన ఇంట్లో స్పానిష్ మాట

మా బావ కూర్మయ్యకి దండం పెట్టాలి. అంత మర్యాదగా నా భూమి మింగినవాడు శ్రీకూర్మం చుట్టుపక్కల ఇంకొకడు లేడు.

ఇద్దరం ఒకే ఓడలో కలాసీలుగా చేశాం. స్పెయిన్ రేవుల్లో సరుకు దింపుతూ ఆ భాష నాలుగు ముక్కలు పట్టుకున్నాం. బావ నాకంటే ముందే ఇంటికొచ్చేశాడు. నా పల్లం బీడు పడకుండా దున్నుకోమన్నాను. దున్నుకున్నాడు పాపం. పంతొమ్మిదివందల అరవయ్యేడులో నేను ఓడ దిగొచ్చేసరికి దానిమీద కన్నబిడ్డంత ప్రేమ పెంచుకున్నాడు. అడిగితే "సూద్దాం బావా" అనేవాడు.

నేను తెలివైనవాణ్ణి కదా, అదను చూశాను. మేనకోడలు చిన్నతల్లి పెళ్లికి వాళ్లింట్లో రాట వేశారు. రాట వేసిన ఇంట్లో లేదు, కాదు, ఇవ్వను అన్న మాటలు పైకి రాకూడదు. బియ్యం అయిపోయినా నిండుకున్నాయనాలి. ఇంక బావ ఎలా కాదంటాడు? ఊరిపెద్ద నరసింగరావు నాయుడు పందిట్లో విస్తరి ముందు కూర్చున్నప్పుడు, అందరూ వింటుండగా అడిగేశాను.

"బావా, నా పల్లం ఎప్పుడిస్తావు?"

తినేవాళ్ల చేతులాగిపోయాయి. మా చెల్లి నారాయణమ్మ నెయ్యిగిన్నెతో అలాగే నిలబడిపోయింది. బావ నవ్వాడు.

"కువాందో లాస్ రానాస్ క్రియెన్ పెలో" అన్నాడు, మంత్రం చదివినట్టు.

కూలి పెంచమంటే స్పెయిన్ రేవులో మేస్త్రీ అనేవాడు ఈ మాటే. కప్పలకి జుట్టు మొలిచిననాడు, అని.

"ఏటన్నాడ్రా సోములూ?" నాయుడు నావైపు తిరిగాడు. "నీకా బాస వచ్చని ఊరంతా సెప్పుకున్నావు గదా, సెప్పు మరి."

చెప్పొచ్చు. చెప్తే ఆ ఇంట్లో కీడు మాట పలికిన నోరు నాదవుతుంది. మేనమామ నోరు! రేపు చిన్నతల్లి కాపరంలో చెంబు దొర్లినా నా పేరే చెప్తారు. చెల్లి నాకేసి చూసింది.

"ఇస్తాడట" అన్నాను.

"ఎప్పుడో?"

"కప్పల కాలానికి."

"మరింకేటి తగువు? తొలకరికి ఇస్తానన్న మనిషిని అల్లరి సెయ్యకు." నాయుడు అన్నంలో పప్పు కలుపుకున్నాడు. బావ స్వయంగా వచ్చి నా విస్తట్లో బూరె వేశాడు.

"తిను బావా, మొగమాటపడకు."

రెండు తొలకరులు పోయాయి. నాయుడి దగ్గరికి మళ్లీ వెళ్తే, "ఇస్తాడని నీ నోటితోనే సెప్పావు గదరా, ఓపిక పట్టు" అన్నాడు. పడుతున్నాను. వాన వెలిశాక గట్టుమీద కూర్చుని కప్పల్ని చూస్తుంటాను. అన్నీ బోడిగుండ్లే.

నాది పెద్దకాలవ కింద పల్లం, ఎకరా ముప్ఫై ఎనిమిది సెంట్లు.