జీపు లైట్లు, బక్కమ్మ గోడ

కొమురెల్లి జీపు కుడి లైటుకున్న టోపీ తీసి, దులిపి, మడతపెట్టాడు. తర్వాత ఎడమ లైటు టోపీ తీశాడు. రెండింటి మీదా ఆకుపచ్చ దారంతో కుట్టిన రామచిలుకలున్నాయి. ఇంతసేపూ అవి బానెట్టుకి అటొకటి ఇటొకటి ఉండి, పెళ్లిచూపుల్లోలాగా ఒకదాన్నొకటి చూసీ చూడనట్టు చూసుకున్నాయి.

రాజేశ్వర్ రావు ఇంట్లో బట్ట కట్టని వస్తువు లేదు. ఆయన పెద్ద గుమాస్తాగా రిటైరై, సర్కారు వేలంలో ఈ పాత జీపు కొన్నాడు. రేడియోకి గౌను, కుట్టుమిషన్‌కి దుప్పటి, నీళ్ల కూజాకి లంగా కుట్టిన ఆయన భార్య వరలక్ష్మి, దుమ్ము పడుతుందని జీపు లైట్లకి టోపీలు కుట్టింది. వానాకాలమంతా టోపీలు తడిసే ఉన్నాయి. అద్దాల లోపల చెమ్మ చేరింది, చెమ్మ మీద మట్టి చేరింది. ఇప్పుడు లైటేస్తే పెరుగు గిన్నెలో దీపం పెట్టినట్టుంది.

ఇన్నాళ్లూ ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. జీపు పొద్దున ములుగు పోయి, పొద్దుండగానే తిరిగొస్తుంది. కిరాయికి మాత్రం కాదు. "తెల్సినోళ్లు ఎక్కుతరు, పెట్రోలుకని ఏదో చేతుల పెడ్తరు," అంటాడు రాజేశ్వర్ రావు. వరంగల్ నుంచి ములుగు దాకా ఆయనకి తెలియనివాళ్లు లేరు.

ఈ రోజు మాత్రం పొద్దున రాహుకాలం, మధ్యాహ్నం దుర్ముహూర్తం, ఆ వెనకే వర్జ్యం. మంచి గడియ పొద్దుగూకాక వచ్చింది. పంచాంగం రాసినాయన జీపు లైట్ల సంగతి పట్టించుకోలేదు.

"ఏమోయ్ కొమురెల్లీ, పొద్దుగూకేటాల్లకు అయితదా?"

"చూస్తాన సార్."

"చూసుడు గాదు, చెయ్యాలె. బక్కమ్మ ములుగు పోను మూట గూడ కట్టుకున్నది."

కొమురెల్లి విప్పిన స్క్రూని మళ్లీ బిగించాడు. తర్వాత దాన్నే విప్పాడు.

కాశిబుగ్గ సందులో కొమురెల్లి రేకుల కొట్టం ఒకవైపు, బక్కమ్మ ఇల్లు ఎదురుగా. పెనిమిటి పోయాక ఆమె మగ్గం మూలన పడింది. వేరేవాళ్ల మగ్గాలకి నూలు కండెలు చుట్టి బతికింది. తెగిన నూలంతా ఉండచేసి, లైట్లు తుడుచుకొమ్మని కొమురెల్లి ముందు పడేసేది. కొమురెల్లికి పెళ్లి కుదరలేదు. ఎందుకు కుదరలేదో చెప్పడానికి అమ్మానాన్న లేరు, అడగడానికి ఎవరూ రాలేదు. మురికి పట్టిన లైట్లు విప్పి, తోమి, మళ్లీ బిగించడమే అతని పని. బిగించాక వెలుగు సూటిగా పడుతోందో లేదో చూడాలంటే ఎదురుగా ఒక గోడ కావాలి. ఎదురుగా ఉన్నది బక్కమ్మ గోడే. దాని మీద బొగ్గుతో రెండు గుండ్రటి గుర్తులు గీసుకున్నాడు. రెండు లైట్లూ ఆ గుర్తుల్లో పడితే పని అయినట్టు.

వాళ్లిద్దరి మధ్య నడిచిన మాటలన్నీ ఆ గోడ గురించే.

"మల్ల నా గోడ మీద వడ్డవా?"

"ఈ సందుల తెల్లటి గోడ నీదొక్కటే గదా వదినె."

"ఏడ తెల్లగున్నది? బొగ్గు పూస్తివాయె!"

బండి రాని రోజు ఆమె గడపలో నిలబడి, "ఇయ్యాల గిరాకి లేదా?" అని అడిగేది. లేదనేవాడు. ఆమె లోపలికి పోయేది. అలాంటి రోజు కొమురెల్లి తొందరగా తిని పడుకునేవాడు.

ఇప్పుడామె కళ్లకి పొర వచ్చింది. ములుగులో ఉన్న అక్కబిడ్డ సోమక్క, ఇక తన దగ్గరే ఉండమని కబురు పంపింది.

కొమురెల్లి అద్దాలు ముగ్గుపిండితో తోమాడు. నిమ్మచెక్కతో రుద్ది కడిగాడు. అవి తేరాయి. బల్బు వెనకాలుండే మెరుపు రేకు చేతిలోకి తీసుకున్నాడు. మసకబారిందిగానీ చచ్చిపోలేదు. దాన్ని అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు కూచున్నాడు. రేపు మంగళవారం. ఎల్లుండి అమావాస్య, ఆ మర్నాడు పాడ్యమి. ఈ ఒక్క రోజు దాటిస్తే చాలు, రాజేశ్వర్ రావు జీపుని ఇంకో మూడు రోజులు ఆ పంచాంగమే కదలనివ్వదు. కొమురెల్లికి మొదటిసారి పంచాంగం మీద గౌరవం కలిగింది.

"సార్, రేకు ఖరాబైంది. హన్మకొండల దొర్కాలె. ఇయ్యాల గాదు."

రాజేశ్వర్ రావు నెత్తి కొట్టుకుని, బువ్వ తినడానికి ఇంటికి పోయాడు.

బక్కమ్మ సందు దాటి వచ్చింది. చేతులు మోచేతుల దాకా సున్నం. చంకలో నూలు ఉండ. "ఇల్లు ఇడ్సి పోయేటప్పుడు గోడ మురికిగ ఉండొద్దు," అని పొద్దుటి నుంచీ తనే గోడకి సున్నమేస్తోంది.

"గాదట గదా?"

"గాదు వదినె."

ఆమె నూలు ఉండ అతని ముందు పెట్టింది. "చీకట్ల ఎందుకు పోతవని సోమక్క కబురుల మస్తు ఒర్రింది. లైట్లు కొమురెల్లి చేస్తాండు, నాకేం ఫికరని చెప్పి పంపిన." వంగి, తోమిన అద్దాల వైపు చూసింది. "గా అద్దాలు తోమినట్టు నా కండ్లు గూడ తోమరాదు?"

అతను నవ్వుదామనుకున్నాడు. ఆమె అప్పటికే సందు దాటుతోంది, ఒక చెయ్యి ముందుకు చాపి, గోడ తగిలేదాకా.

కొమురెల్లి నూలు తీసుకుని రేకు తుడవడం మొదలుపెట్టాడు. గట్టిగా రుద్దితే మెరుపు ఊడుతుంది. నోటి ఆవిరి ఊది, చంటిపిల్ల మూతి తుడిచినట్టు తుడవాలి. తుడుస్తూ ఒకసారి తలెత్తాడు. బక్కమ్మ ముక్కు గోడకి ఆనించి సరిగ్గా గుర్తుల దగ్గరే కుంచె ఆడిస్తోంది. పచ్చి సున్నం నీళ్లలాగే ఉంటుంది. ఆరితేగానీ తెలుపు తేలదు. ఆరాక గుర్తులు ఉండవు. 'పోనీ, ఆమె గోడ,' అనుకున్నాడు. మళ్లీ అటు చూడలేదు.

పొద్దుగూకింది. రేకు పనికొచ్చిందని కొమురెల్లి పంపిన కబురందుకుని రాజేశ్వర్ రావు వచ్చి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. వరలక్ష్మి ఉతికి ఆరేసిన టోపీలతో వచ్చింది.

"లైట్లు అద్దాలోలె మెరుస్తానయ్! టోపీలు తొడిగే పోండ్రి, తొవ్వల దుమ్ము."

"అమ్మా, అవి తొడిగితే తొవ్వ చిలుకలకే కనవడుతది," అన్నాడు కొమురెల్లి.

ఆమె చిన్నబుచ్చుకుని టోపీలు వెనక్కి తీసుకుంది.

బక్కమ్మ తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, మూటతో జీపు వెనక ఎక్కింది.

"పోయొస్త కొమురెల్లి."

"మంచిది వదినె."

ఇంకేదో అనాలని అతను జీపు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"సార్, లైటెయ్యిండ్రి. సూటి చూసుకుంట."

లైట్లు వెలిగాయి. గోడ పాలలాగా తెల్లబడింది. అలవాటుకొద్దీ గోడ దాకా నడిచి వంగి చూశాడు. రెండు బొగ్గు గుర్తులూ ఉన్నాయి. వెలుగు సరిగ్గా వాటి మీదే పడింది. కుంచె వాటిని తాకకుండా చుట్టూ తిరిగిన గీతలు కనిపిస్తున్నాయి.

"వదినె..." అంటూ వెనక్కి తిరిగాడు. రెండు లైట్లూ కళ్లల్లో కొట్టాయి. జీపూ కనబడలేదు, జీపులో మనిషీ కనబడలేదు. ఇంత బాగా ఎప్పుడూ తోమలేదు.

"సరింగ వడ్డదానయ్యా?" రాజేశ్వర్ రావు గొంతు.

"పడ్డది సార్."

జీపు వెనక్కి జరిగింది. వెలుగు గోడ మీంచి జారి, సందు చివర మలుపు తిరిగిపోయింది. కొమురెల్లి అగ్గిపుల్ల గీశాడు. కొత్త సున్నం మధ్య రెండు పాత బొగ్గు గుర్తులు, ఒక్కోదాని చుట్టూ వేలెడంత సున్నం తగలని మురికి గోడ.