చెవిపోగు కనబడే బొమ్మ

తిరుచానూరులో పూలు కట్టి అమ్మే తాయమ్మ నోరంటే గుడివీధి అంతా హడలు. అంత నోరూ, బర్మా యుద్ధంలో కొడుకు వెంకటముని పోయాడని తంతి వచ్చిన రోజున మూతబడింది. మొగుడు ముందే పోయాడు. ఒక్కగానొక్క కొడుకు, మిలిటరీలో లారీ తోలేవాడు. శవం కూడా ఇంటికి రాలేదు.

శవం లేకపోతే దర్భబొమ్మను కాల్చాలన్నారు పెద్దలు. ముఖం లేని గడ్డిబొమ్మను కొడుకనుకుని నిప్పు పెట్టమంటే ఏ తల్లికి మనసొప్పుతుంది? కలకత్తాలో తీయించుకుని వాడు పంపిన ఫోటో అట్ట ఒకటుంది. ఒకే అట్టమీద పక్కపక్కనే ఇద్దరు వెంకటమునులు. "రెండూ ఒకటే గదా, ఒకటి వాడితో పోనీ" అని తాయమ్మే కత్తెర తెచ్చి నడిమికి కత్తిరించింది. ఏది ఉంచుకోవాలా అని ఎంతసేపు చూసుకుందో! ఒకదాంట్లో చెవిపోగు రవ్వంత బాగా కనబడుతోంది. దాన్ని పసుపుబట్టలో చుట్టి దాచుకుంది. రెండోదాన్ని గడ్డిబొమ్మ ముఖాన పెట్టి, దాయాదులు స్వర్ణముఖి ఒడ్డున తగలబెట్టారు.

యుద్ధం ముగిశాక, వాడితో కలిసి లారీ తోలిన చిత్తూరు చెంగల్రాయుడు ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో రెండు అద్దాలు బిగించిన చిన్న చెక్కపెట్టె. స్నేహితులిద్దరూ కలిసి కొన్నారట. అలాగే రెండు బొమ్మలున్న తన ఫోటో అట్టను అందులో పెట్టి తాయమ్మ కళ్ళకు ఆనించాడు.

"అయ్యో నాయనా!" అని ఉలిక్కిపడిందామె. చెంగల్రాయుడు అట్టలోంచి లేచి నిలబడ్డాడు. ముక్కు ముందుకొచ్చింది, వెనకాల కుర్చీ దూరం జరిగింది. చెయ్యి చాస్తే బుగ్గ అందేలా ఉంది. చాచింది కూడా, పిచ్చితల్లి. చేతికేమీ తగల్లేదు.

"మావోడు గూడా ఇట్లే లేస్తాడా అప్పా?"

"లేస్తాడమ్మా. మాయమ్మకు సూపిస్తా, మాయమ్మకు సూపిస్తా అని ఎన్ని తూర్లు చెప్పినాడో! అందుకే వచ్చినా. అట్ట తే."

తాయమ్మ పరుగున వెళ్ళి పసుపుబట్ట విప్పింది. సగం అట్ట చూసి చెంగల్రాయుడి ముఖం పాలిపోయింది.

"ఇంగో సగం యాడమ్మా?"

"కాల్చేస్తిమి. రెండూ ఒకటే గదా అని."

"ఒకటి గాదమ్మా. ఒకటి ఎడమకంటికి, ఒకటి కుడికంటికి. ఆ రవ్వంత తేడా ఉంటేనే మనిషి లేసేది."

అన్నాడే గానీ, ఆమె ముఖం చూసి ఊరుకోలేకపోయాడు. ఉన్న సగాన్నే చిత్తూరు తీసుకుపోయి, నకలు తీయించి, రెండూ ఒకే అట్టకు అంటించి తెచ్చాడు. తాయమ్మ తలకు పోసుకుని వచ్చి పెట్టె అందుకుంది. చూసింది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. వెంకటముని గోడకు అంటించిన కాగితంలా ఉన్నాడు. చెవిపోగు మాత్రం బాగా కనబడుతోంది.

"పోగుకు ఆశపడి, వాణ్ణి లేపే దాన్ని నా చేతుల్తోనే కాల్చుకుంటి గదప్పా!"

చెంగల్రాయుడు పెట్టె కోసం చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు. రెండు చేతులా కళ్ళకు అదిమి పట్టుకుంది.

"లేయ్ రా," అంది. "మీ యమ్మను రా. ఒక్క తూరి లేయ్ నాయనా."

పెట్టె కోసం చాచిన చెయ్యిని చెంగల్రాయుడు వెనక్కి తీసుకున్నాడు.